అఫ్జల్‌గంజ్ వాన లెక్క

మా గ్రూపులో మనుషుల పేర్లు ఎవరూ వాడరు. పేట పేరే మనిషి పేరు. నేను కంచన్‌బాగ్. గ్రూపు నడిపే రిటైర్డ్ లెక్చరర్ మలక్‌పేట. నేను చెప్పబోయే పెద్దాయన అఫ్జల్‌గంజ్. నలభై మందిమి నగరంలో తలో మూల మిద్దె మీద వాన కొలిచే సీసా పెట్టుకున్నాం. పొద్దున ఎనిమిదిన్నరకి అందులో ఎన్ని మిల్లీమీటర్ల నీరు చేరిందో చూసి ఫోన్‌లో రాస్తాం. కుండపోత వానైతే గంటగంటకీ రాస్తాం. అంతే పని. దీనికి జీతం లేదు, మెచ్చుకోలు లేదు. ఎందుకు చేస్తారని అడిగితే కొందరు ఏదో ఒకటి చెబుతారు, కొందరు నవ్వేసి ఊరుకుంటారు.

నేను మాత్రం భయంతో చేరాను. మేముండేది కంచన్‌బాగ్ వెనక పల్లంలో ఉన్న కాలనీ. నా భర్త అక్కడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఒక వానాకాలం పై చెరువు నిండి మా వీధిలోకి నీళ్లొచ్చాయి. నేను కుట్టాల్సిన గుడ్డలన్నీ బురదలో ముద్దయ్యాయి. మా అత్తమ్మను మంచంతో సహా ఎత్తి పక్కింటి మెట్ల మీదికి చేర్చాం. అప్పటినుంచి మబ్బు పట్టిందంటే నా కాలు మెషిన్ మీద ఆడేది కాదు. ఎంత వాన పడితే నీళ్లొస్తాయో ముందే తెలిస్తే కొంచెం ధైర్యంగా ఉండొచ్చని వెతుకుతుంటే ఈ గ్రూపు దొరికింది.

చేరిన రోజే మిద్దె మీద పెట్టిన నా సీసా ఫొటో పంపాను. పది నిమిషాల్లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటకు ముందు దగ్గు, మాట వెనక బజారు చప్పుడు.

"కంచన్‌బాగ్ బిడ్డా, నీ సీసా నీళ్ల ట్యాంక్ పక్కకు పెట్టినవ్. గాలి అటు కొడితే సగం వాన ట్యాంకే తాగుతది. నడిమిట్ల పెట్టు. ఇంకొకటి, సీసా అడుగు వంపు ఉంటది గద, సున్నా గీత దాకా ముందుగాల్నే నీళ్లు పోసుకో. లేకుంటే నీ లెక్క రోజూ తప్పే."

అది ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ గొంతు విన్నాను. మనిషిని చూడలేదు. ఫోన్‌లో ఆయన బొమ్మ ఉండే చోట కూడా పిట్టగోడ మీద పెట్టిన సీసా, దాని వెనక తెల్లటి ఆకాశం ఉండేవి. ఎనిమిదిన్నర దాటి ఒకటో రెండో నిమిషాలకు అందరికంటే ముందు ఆయన మెసేజ్ వచ్చేది. "అఫ్జల్‌గంజ్ 0.0.. అందరికీ సుభోదయం." చుక్కలు ఎప్పుడూ రెండే. శుభోదయం ఎప్పుడూ తప్పే. మలక్‌పేట సార్ ఒకసారి సరిదిద్దితే, "వాన లెక్క కరెక్ట్ ఉన్నదా లేదా సార్, గది చూడండ్రి" అని జవాబు పంపారు. ఎర్రటి ఎండాకాలంలో, మూడు నెలలు చుక్క రాలని రోజుల్లో కూడా ఆయన సున్నా మానలేదు. మేమంతా ఎండల్లో బద్ధకించేవాళ్లం. సున్నా కూడా కొలిచినదే ఉండాలని, కూర్చున్న చోటు నుంచి చెప్పకూడదని ఆయన అనేవారు.

ఎవరైనా లెక్క తప్పు రాస్తే ఊరుకునేవారు కాదు. చుట్టుపక్కల పేటలన్నిటిలో రెండు మూడు పడి, ఒకరి దగ్గరే ఇరవై కనబడితే, సీసాలో ఎవరి ఇంటి నీళ్లు పడ్డాయో చూసుకొమ్మని మెసేజ్ పెట్టేవారు. ఆయన దగ్గర తేడా వస్తే మేమూ వదిలేవాళ్లం కాదు. ఆయనకు అదంటే ఇష్టమని మాకు తెలుసు.

నేను చేరిన మూడో ఏడు, మా వీధిలోకి రెండోసారి నీళ్లు వచ్చిన రోజున ఆయన ఫోన్ చేశారు. నాలుగేళ్లలో అదొక్కటే ఫోన్. సాయంత్రం ఐదు కూడా కాలేదు. వాన పడుతోంది గానీ మా వీధి మామూలుగానే ఉంది. నేను ఒక పెళ్లి బ్లౌజుకి చేతులు అతుకుతున్నాను.

"బిడ్డా, పై చెరువు దిక్కు నుంచి నలుగురు రాసిన్రు, చూసినవా? గంటల డెబ్బై దాటింది. గా నీళ్లు నీ దిక్కే రావాలె. ఇప్పుడే పైకి పో. ముసలామె, కాయితాలు, బియ్యం. మెషిన్ తర్వాత."

మా వీధి ఇంకా పొడిగా ఉందన్నాను. ఆయన గొంతు మారలేదు. "గంట ఆగితే ఉండది" అని పెట్టేశారు. నేను మరో మాట ఆలోచించకుండా అత్తమ్మను లేపాను. పైన అద్దెకుండే వాళ్ల గదిలోకి ఆమెను, కాగితాల సంచిని, బియ్యం డబ్బాను చేర్చాం. మెషిన్ తల ఊడదీసి నెత్తిన పెట్టుకుని చివరి మెట్టు ఎక్కేసరికి కింద గుమ్మం దగ్గర నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. చీకటి పడేవేళకు మా మంచం నీళ్లలో తేలింది. ఆ మంచం మీదే మా అత్తమ్మ రోజంతా పడుకునేది.

తర్వాత ఎన్నోసార్లు అఫ్జల్‌గంజ్ వెళ్లాను. బేగంబజార్‌లో లైనింగ్ గుడ్డ, దారం రీళ్లు కొనడానికి నెలకోసారి వెళ్లేదాన్నే. ఆయన ఇల్లు ఆ సందుల్లోనే ఎక్కడో ఉందని తెలుసు. ఒకసారి వెళ్లి కలవాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. చేతిలో సంచులు బరువుగా ఉండేవి, బస్సు వచ్చేసేది. ఎప్పుడూ వచ్చేసారి అనే అనుకున్నాను.

రెండేళ్ల కిందట శ్రావణంలో, ఒక మంగళవారం పొద్దున, ఆయన లెక్క రాలేదు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరకి ఆయన నంబరు నుంచే మెసేజ్ వచ్చింది. "ఈ ఫోన్ గల పెద్దమనిషి నిన్న రాత్రి పోయారు. ఊపిరి అందలేదు. ఇట్లు, మేనల్లుడు." అంతకు మించి ఏమీ లేదు.

ఆ రోజు గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. ఎవరెవరికి ఆయన ఏం నేర్పారో రాసుకున్నారు. మలక్‌పేట సార్ ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అంత్యక్రియలు ఎక్కడో, ఎప్పుడో మాకు తెలియలేదు. ఆదివారం చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేయించాలని పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం తీసుకుని పేరు అడిగారు. అప్పుడు గాని నాకు తట్టలేదు. మా అత్తమ్మను కాపాడిన మనిషి పేరు నాకు తెలియదు. అఫ్జల్‌గంజ్ పెద్దాయన అని చెప్పాను. పాస్టరుగారు ఒక్క క్షణం నా మొహం చూసి అలాగే రాసుకున్నారు.

కానీ అప్పటికే ఇంకొకటి జరిగింది. ఆ ఆదివారానికి ముందు, గురువారం పొద్దున, నేను మిద్దె దిగి వస్తూ ఫోన్ తీశాను. నాకంటే ముందే ఒక లెక్క వచ్చి ఉంది.

"అఫ్జల్‌గంజ్ 0.4.. అందరికీ సుభోదయం."

అదే నంబరు. అదే సీసా బొమ్మ. రెండు చుక్కలు. అదే తప్పు శుభోదయం. ఎనిమిది గంటల ముప్పై ఒక్క నిమిషం.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. ముందురోజు నిజంగానే చినుకులు పడ్డాయి. నా సీసాలో 0.6 ఉంది. అంటే ఆ లెక్క ఎవరో తోచినట్టు రాసింది కాదు. ఎవరో మిద్దె ఎక్కారు, వంగారు, గీత దగ్గర కన్ను పెట్టి చూశారు.

ఆ రోజు గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. అందరూ తమ తమ లెక్కలు రాశారు, అంతే. ఆయన మెసేజ్ కింద రోజూ పది పదిహేను బొటనవేళ్లు కనబడేవి. ఆ రోజు ఒక్కటీ లేదు. నేనూ పెట్టలేదు. వేలు దాని మీదికి తీసుకెళ్లాను గానీ ఆనించలేకపోయాను. చచ్చిపోయిన మనిషి మెసేజ్ కింద బొటనవేలు పెడితే దాని అర్థమేమిటో నాకు తెలియలేదు.

శుక్రవారం 2.2 వచ్చింది. శనివారం 0.0. ఆదివారం 0.0. ఒక్క రోజు తప్పలేదు. ఎనిమిది ఇరవై ఐదు కాగానే నా చేతులు పని మానేసేవి. ఆయన పేరు తెరిచి చూస్తూ కూర్చునేదాన్ని. పేరు కింద "ఆన్‌లైన్" అని పడేది. కాసేపటికి "టైపింగ్" అని కనబడేది. ఆగిపోయేది. మళ్లీ కనబడేది. అవతల ఒక చెయ్యి ఉంది, కానీ ఎవరి చెయ్యో తెలియదు. మెసేజ్ వచ్చాక "ఆన్‌లైన్" మాయమయ్యేది. మర్నాటి పొద్దుటి దాకా ఆ ఫోన్ చచ్చిపోయినట్టే ఉండేది. మలక్‌పేట సార్ ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అనే వచ్చేది.

ఇంట్లో చెప్పాను. నా భర్త ఆ నంబరు బ్లాక్ చెయ్యమన్నాడు. అత్తమ్మ మాత్రం మంచం మీద నుంచి, ఆ పెద్దాయన మనకేం కీడు చేస్తాడే, రాసుకోనీ, అంది. ఆమెకు అది వింతగానే అనిపించలేదు. నాకు మాత్రం పగటిపూట కూడా భయంగా ఉండేది. కుట్టుకుంటూ ఆయన పాత వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోవడం నాకు అలవాటు. రేడియోలా అవి అలా మాట్లాడుతుండేవి. అది మానేశాను. ఒకరోజు చెయ్యి తగిలి ఒకటి దానంతటదే మోగింది. దగ్గు, ఆ తర్వాత "బిడ్డా" అన్న మాట వినబడగానే ఫోన్ గుడ్డల కింద దోపేశాను. గుడ్డల కింద నుంచి కూడా ఆ గొంతు చివరిదాకా మాట్లాడింది.

గ్రూపులో గుసగుసలు మొదలయ్యాయి. అందరి ముందు కాదు, విడివిడిగా. ఇద్దరు గ్రూపు వదిలేశారు. ఒకాయన దానంతటదే కొలిచి రాసే మెషిన్ ఏదో పెట్టి ఉంటారని అన్నాడు, కానీ మెషిన్‌కి టైపింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం దేనికి? ఇంకొకామె, ఆయన ఆత్మ అలవాటు మానలేకపోతోందేమో అని నాకు రాసింది. ఆమె బాగా చదువుకున్న మనిషి, బ్యాంకులో ఆఫీసరు. నేను నవ్వలేదు.

పద్నాలుగో రోజు వచ్చిన లెక్కతో మేం ఇక ఊరుకోలేకపోయాం. నాలుగు రోజులుగా నగరంలో ఎక్కడా వాన లేదు. మిగతా అన్ని చోట్లా సున్నా. ఆ పొద్దున ఆయన నంబరు నుంచి "అఫ్జల్‌గంజ్ 12.0.. అందరికీ సుభోదయం" అని వచ్చింది.

అప్పుడు కూడా గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం మలక్‌పేట సార్ నాకు ఫోన్ చేశారు. ఎవరో ఆ పెద్దమనిషి ఫోన్‌తో ఆడుకుంటున్నారని, ఇది ఆయనకు అవమానమని, నంబరు తీసేద్దామని అన్నారు. తీసేసే ముందు ఒకసారి ఇల్లు చూసి రాగలవా అని అడిగారు. ఆయన దగ్గర చిరునామా ఉంది. ఎప్పుడో ఒక కొలత గ్లాసు పోస్టులో పంపారట. నేను వెళ్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండాలని. రాసే చెయ్యిని రాస్తుండగానే చూడాలని. అఫ్జల్‌గంజ్‌లో దిగేసరికి ఎనిమిది. వంతెన మీద మూసీ వాసన. బేగంబజార్ వైపు హమాలీలు బస్తాలతో అప్పుడే పరుగులు పెడుతున్నారు. చిరునామా చూపిస్తే ఒక స్టీలు సామాన్ల దుకాణం వాడు షట్టర్ ఎత్తుతూ, "కాంటా చాచాకా ఘర్? ఊపర్", తక్కెడ చాచా ఇల్లేనా, పైన, అని పక్కనున్న మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

మెట్లు ఇరుకుగా, చీకటిగా ఉన్నాయి. ఒక మలుపు తిరిగాక తలుపు తెరిచి ఉంది. గుమ్మం పక్కన, పై మెట్లు మొదలయ్యే చోట, ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో ఎవరూ లేరు. కుర్చీ చేతి మీద ఫోన్ పెట్టి ఉంది. తెర వెలుగుతోంది. దాని మీద మా గ్రూపు తెరిచి ఉంది.

నేను అక్కడే నిలబడిపోయాను. అప్పుడు పైనుంచి, మెట్ల గోడల మధ్య నుంచి, ఒక ఆడగొంతు గట్టిగా వినబడింది.

"సున్నా!"

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కింద జవాబు చెప్పేవాళ్లు లేరు. ఆ నిశ్శబ్దంలో నేను కూడా ఎవరో పలుకుతారని ఎదురు చూశానని ఇప్పటికీ ఒప్పుకోవాలి. కుర్చీ వైపే చూశాను.

"సున్నా" అని ఆ గొంతు ఈసారి మామూలుగా చెప్పింది. తర్వాత చెప్పుల చప్పుడు మెట్లు దిగసాగింది.

దిగి వచ్చినామె డెబ్బైకి దగ్గరగా ఉంది. సన్నటి మనిషి. బోసి నుదురు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతోంది. నన్ను చూసి ఆగింది. భయపడలేదు. నేనే నా పేరు చెప్పబోయి, ఆమెకు అర్థం కాదని, "కంచన్‌బాగ్, అమ్మా" అన్నాను.

ఆమె మొహం మారింది. "ట్యాంక్ పక్కకు పెట్టినామె" అంది. "మీ అత్త మంచిగున్నదా?"

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల ఊపాను. ఆమె కుర్చీ చేతి మీది ఫోన్ తీసి, "జర ఆగు బిడ్డా, టైమైంది" అని మెట్టు మీద కూర్చుంది. ముందురోజు మెసేజ్ మీద వేలు అదిమి పట్టుకుంది. అది కాపీ అయ్యాక కింద అతికించి, కళ్లు చికిలించి, 12 చెరిపేసి 0 పెట్టింది. మళ్లీ చదువుకుంది. నొక్కింది. నా సంచిలో నా ఫోన్ కూసింది. "అఫ్జల్‌గంజ్ 0.0.. అందరికీ సుభోదయం."

రెండు చుక్కలు, తప్పు శుభోదయం ఎక్కడి నుంచి వస్తున్నాయో అప్పుడు తెలిసింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. సొంతంగా రాయడం ధైర్యం చాలక ఆయన రాసిందే రోజూ తీసుకుని అంకె ఒక్కటి మార్చేది. కుర్చీలో మాత్రం కూర్చునేది కాదు.

లోపల చాప వేసి కూర్చోబెట్టింది. గోడకు రెండు ఇత్తడి తక్కెడలు వేలాడుతున్నాయి. ఆయన జీవితమంతా బేగంబజార్ దుకాణాల కాంటాలు బాగు చేశారట. తూకంలో ఆవగింజంత తేడా ఉన్నా ఆయన కంటికి తెలిసేదట. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక పని తగ్గింది. ఖాళీ చేతులతో ఉండలేక వాన కొలవడం పట్టుకున్నారు. పిల్లలు లేరు. పోవడానికి మూడేళ్ల ముందు ఊపిరితిత్తులు పాడై మిద్దె ఎక్కలేకపోయారు.

"మూడేండ్లా?" అన్నాను. ఈ మూడేళ్లలోనూ ఒక్క లెక్క తప్పలేదు.

"నేనెక్కేదాన్ని. ఆయన గీ కుర్చీల కూసొని అడుగుతుండె, నేను పైకెల్లి అరుస్తుంటి. ఒక్కసారి చెప్తే నమ్మకపోతుండె. మళ్ల చెప్పు అంటుండె. రెండుసార్లు చెప్పినంకనే రాస్తుండె."

నేను ఇన్నాళ్లూ అఫ్జల్‌గంజ్ అంటే ఒక మనిషి అనుకున్నాను. మా వీధిని నీళ్లు ముంచిన రోజున కూడా ఆ వానలో మిద్దె ఎక్కి చూసింది ఈమేనని అప్పుడు అర్థమైంది. ఆయన పోయిన మూడో రోజు పొద్దున చుట్టాలంతా వెళ్లిపోయాక, ఎనిమిదిన్నరకి తన కాళ్లే పైకి వెళ్లాయని చెప్పింది. వెళ్లాక సీసాలో నీళ్లున్నాయి. ఉన్న నీళ్లను చూడకుండా ఎలా పారబోస్తుంది?

ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడిగాను. "ఎత్తితే పెద్దాయన ఉన్నడా అంటరు. ఏం చెప్పాలె బిడ్డా?" అంది. అందుకే రాసి ఆపేసేదట.

ఇక నేను వచ్చిన పని మిగిలింది. అడిగేశాను. "అమ్మా, నిన్న పన్నెండు అని వచ్చింది. వాన పడలే గద?"

"పడలే. నాకు ఎరుకే."

"మరి?"

"ఆయన ఉన్నప్పుడు జర తప్పైతే మీరందరు మస్తు లొల్లి చేస్తుంటిరి. ఆయన నవ్వుకుంట నాకు సదివి వినిపిస్తుండె. ఎన్ని వేళ్లొచ్చినయో లెక్కపెట్టి చెప్తుండె. ఆయన పోయినంక చేతులు జోడించిన్రు. ఇగ దాని తర్వాత ఒక్కరు మాట్లాడలే. నేను రాస్తున్నది మీ దాక వస్తున్నదో లేదో నాకెట్ల తెలుస్తది? అందుకే తప్పు రాసి చూసిన. ఎవరన్న ఒకరు తప్పని అంటరని."

పద్నాలుగు రోజులు నేను ఆమెకు భయపడ్డాను. ఆ పద్నాలుగు రోజులూ ఆమె ఈ చీకటి మెట్ల మీద కూర్చుని మా వైపు నుంచి ఒక్క మాట కోసం చూసింది. మేం నలభై మందిమి ఆమె మెసేజ్ చూశాం. చూసినట్టు ఆమెకు తెలియనివ్వలేదు.

చివరికి, "తప్పమ్మా. నిన్నటిది సున్నా" అన్నాను. ఆమె తల ఊపి, "ఔ, సున్నానే" అంది. ఆ మాట అన్నాకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి.

తర్వాత నన్ను పైకి తీసుకెళ్లి సీసా చూపించింది. ఫొటోలో ఉన్న పిట్టగోడే. చుట్టూ నీళ్ల ట్యాంకులు, డిష్‌లు, పక్క మిద్దెల మీద ఎండకు ఆరేసిన ఎర్రటి మిరపకాయలు. సీసా గీతలు మేకుతో గీసినవి. ఆయన పోయాక ఆ మెట్లు ఎక్కుతుంటే కష్టంగా లేదా అని అడిగాను. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదని, పైనుంచి చెప్పాక కిందినుంచి "మళ్ల చెప్పు" అని వినబడుతుందని అంది. నిజంగానా అని నేను అడగలేదు. ఆమె కూడా నిజమో కాదో చెప్పలేదు.

ఆ మిద్దె మీద నుంచే ఆమెను అడిగి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. అఫ్జల్‌గంజ్ ఇంటి అమ్మ రోజూ కొలుస్తున్నారని, మూడేళ్లుగా ఆమే కొలుస్తున్నారని, నిన్నటి లెక్క సున్నాగా సరిచేసుకోవాలని చెప్పాను. మలక్‌పేట సార్ అందరికంటే ముందు రాశారు. "అమ్మా, నమస్కారం. నిన్నటి మీ లెక్క తప్పు. మళ్లీ ఇలా చెయ్యకండి." అది చదివి వినిపిస్తే ఆమె మొదటిసారి నవ్వింది. కోపానికొచ్చిండా, అని అడిగింది. బాగా కోపానికొచ్చిండని చెప్పాను.

బయల్దేరేటప్పుడు అలవాటుకొద్దీ "వస్తా అమ్మా" అనేశాను. చావు జరిగిన ఇంట్లో అలా అనకూడదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. ఆమె అదేమీ పట్టించుకోలేదు. "రా బిడ్డా" అంది.

గ్రూపు వదిలేసిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు. రెండో ఆమె రాలేదు. సంగతంతా చెప్పినా, ఆ సీసా బొమ్మ, ఆ సుభోదయం చూస్తే ఒళ్లు జలదరిస్తుందని అంది. నేను ఆమెను తప్పు పట్టలేను. అన్నీ తెలిసిన నాకు కూడా, ఎనిమిదిన్నరకి ఆ పేరు కింద "టైపింగ్" అని పడి ఆగిన క్షణాన, ఖాళీ కుర్చీ కళ్ల ముందుకొస్తుంది. ఇప్పుడు నెలకోసారి బేగంబజార్ వెళ్లినప్పుడు ఆ మెట్లెక్కుతాను. సంచులు బరువుగానే ఉంటాయి. పాస్టరుగారికి ఇవ్వడానికి ఆయన పేరు అడిగి తెలుసుకున్నాను. గ్రూపులో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాళ్లెవరూ అడగలేదు.

మొన్న ఎండాకాలం ఒక పొద్దున ఏడున్నర దాటాక నగరమంతా వడగండ్లు పడ్డాయి. ఆమె నాకు ఫోన్ చేసింది. ఎనిమిదిన్నరకి చూడాల్సిన సీసాను తొందరపడి అప్పుడే చూసిందట.

"బిడ్డా, సీసాల సగం గడ్డలే ఉన్నయి. గీత మీదికి వచ్చినయి. ఎట్ల కొలువాలె? ఆయన ఉన్నప్పుడు గిట్లైతే ఏం చేస్తుండెనో నాకు యాదికొస్తలేదు."

నాకు గుర్తుంది. నేను గ్రూపులో చేరిన రెండో ఏడు ఆయనే చెప్పారు. కరిగేదాకా ముట్టుకోవద్దని, ఎండలో పెడితే ఆవిరైపోతుందని, నీడలో ఉంచి మూత పెట్టమని. ఆ మాటలే ఆమెకు చెప్పాను. చెబుతుంటే నా మాటల వెనక ఆయన దగ్గు వినబడుతుందేమోనని నేను ఒక్కసారి ఆగాను. అవతల ఆమె కూడా ఆగింది.

"మళ్ల చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను. ఎనిమిదిన్నర దాటి, ఎనిమిది నలభై అయింది. అఫ్జల్‌గంజ్ లెక్క రాలేదు. గ్రూపులో ఎవరో భయం భయంగా, ఏమైంది, అని అడిగారు. గచ్చు మీద పెట్టిన సీసా పక్కన ఆమె కూర్చుని ఉంటుందని నాకు తెలుసు. ఇంకెవరూ అడగకముందే రాశాను, "కంగారు పడకండి. కరుగుతోంది."